సీల్ వేట లేకుండా ఇన్యూయిట్ పిల్లల కథ రాయొచ్చా?

బొమ్మలపుస్తకం:
ఆరేడేళ్ల పిల్లల కోసం ఇన్యూయిట్ (ఉత్తర ధ్రువ ప్రాంతపు ప్రజలు) కథలు రాసేవాళ్లు, ఆ వేటలో దొరికే సముద్రజంతువు సీల్‌ను చంపే ఘట్టం తీసేయడమే మేలని నా వాదన. ఇగ్లూ అనే మంచు దిమ్మెల ఇల్లు, కుక్కల బండి, చలి, మంచు తుఫాను ఉంటే చాలు. నెత్తురు కనబడితే ఆ వయసు పిల్లలు భయపడిపోతారు. వేట సంగతి పదేళ్లు దాటాక చెప్పొచ్చు.

ఉత్తరగాలి:
నేనొప్పుకోనండి. సీల్‌ను తీసేస్తే ఇగ్లూలో దీపమే వెలగదు. సబ్బురాయి తొలిచి చేసిన ఆ దీపాన్ని కుల్లిక్ అంటారు. అందులో కాలేది సీల్ కొవ్వు, ఒత్తి నాచుతోనో పత్తిగడ్డి దూదితోనో చేస్తారు. దాని మీదే మంచు కరిగించి తాగునీళ్లు చేసుకునేవాళ్లు, తడిసిన బూట్లు ఆరబెట్టుకునేవాళ్లు. ఒత్తిని అంచు పొడవునా పలచగా సర్దుతూ ఉండకపోతే పొగచూరి గోడలన్నీ మసి. వేటను దాచిన కథల్లో ఇగ్లూ మధ్యలో కట్టెల మంట పెడతారు. చెట్టే మొలవని చోట కట్టెలెక్కడివి?

ఇక వేట. గడ్డకట్టిన సముద్రం కింద రింగ్డ్ సీల్ తన ముందు రెక్కల గోళ్లతో గీరుతూ ఊపిరి కన్నాలు మూసుకుపోకుండా చూసుకుంటుంది. పైన మంచు కప్పేస్తుంది కాబట్టి ఆ కన్నాన్ని కుక్క వాసన పట్టి చూపాలి. వేటగాడు అందులో సన్నటి ఎముక పుల్ల నిలబెట్టి, కాళ్ల కింద బొచ్చు తోలు పరుచుకుంటాడు. అడుగు కిర్రుమంటే సీల్ మళ్లీ రాదు. గంటల తరబడి నిలబడాలి. పుల్ల కదిలిందా, హార్పూన్ అనే తాడు కట్టిన ఈటె దిగాలి. మొన కర్ర నుంచి విడిపోయి చర్మం కింద అడ్డం తిరుగుతుంది, తాడు చేతిలో ఉంటుంది. పిల్లలు ఊపిరి బిగబట్టేది ఆ ఎదురుచూపు దగ్గరే, నెత్తుటి దగ్గర కాదు. చంపాక సీల్ నోట్లో మంచినీళ్లు పోస్తారు. ఉప్పునీళ్లలో బతికే దానికి దాహం ఉంటుందని, గౌరవిస్తే మళ్లీ వస్తుందని వాళ్ల నమ్మకం. ఈ ఘట్టం లేని కథ నాకు సగం కథే.

తీరంగాలి:
మన తీరప్రాంతపు పిల్లలకు చేప కోయడం రోజూ చూసేదే, వాళ్లు భయపడరు. ఇంకో మాట. 1983లో యూరప్ తెల్లబొచ్చు సీల్ కూనల తోళ్ల దిగుమతి ఆపింది. ఇన్యూయిట్లు ప్రధానంగా వేటాడేది ఆ కూనల్ని కాదు. అయినా సీల్ తోళ్ల ధర మొత్తంగా పడిపోయి వాళ్ల సంపాదన పోయింది. వేటంటేనే సిగ్గుపడాల్సిన పని అన్నట్టు పిల్లలకు నేర్పడం ఆ అన్యాయానికి కొనసాగింపే.

ఇగ్లూ దగ్గరా తప్పులు చాలా. ఒకే తుఫానులో గాలికి బిగిసిన మంచు కావాలి. పొరలు పొరలుగా పడ్డ మంచైతే దిమ్మెలు మధ్యలో విరిగిపోతాయి. పడుకునే అరుగు గుమ్మం కన్నా ఎత్తులో ఉంటేనే వెచ్చదనం నిలుస్తుంది. పైన గాలి కన్నం లేకపోతే దీపమే ప్రాణం తీస్తుంది. పైగా ఇగ్లూలు ఎక్కువగా చలికాలానికి, వేట ప్రయాణాలకు. వేసవిలో తోలు గుడారాలుండేవి, ఇప్పుడైతే మామూలు ఇళ్లు.

బొమ్మలపుస్తకం:
దీపం సంగతి ఒప్పుకుంటాను. కానీ హార్పూన్ దిగే క్షణాన్ని బొమ్మగా వేయడం మాత్రం ఆ వయసుకు వద్దనే అంటాను.

ఉత్తరగాలి:
బొమ్మ వద్దంటే సరే, మాటల్లో ఉండనివ్వండి. పిల్లవాడు మొదటిసారి పట్టిన సీల్ మాంసాన్ని అందరికీ పంచుతారు, పెద్దలకు ముందు. ఆ పంపకం బొమ్మ వేయించండి.