ఈ వారం సమస్య: పుస్తకమ్ము రాకపోవ మేలు (ఆటవెలది)

లంకలక్ష్మి (నిర్వాహకురాలు):
అందరికీ నమస్కారమండీ. ఈసారి ఆటవెలది, ఇచ్చేది నాలుగో పాదం, దానికి ముందు మూడు పాదాలూ మీరు రాయాలి.

పుస్తకమ్ము రాకపోవ మేలు

ఇదెలా పుట్టిందంటే, మొన్న అటక సర్దుతుంటే డిగ్రీలో నా ఫ్రెండ్ ఇచ్చిన పుస్తకం ఒకటి బయటపడింది, ఇరవయ్యేళ్లు దాటింది నా దగ్గరే ఉండిపోయి, లోపల గుర్తుకి పెట్టుకున్న బస్సు టికెట్ అలాగే ఉంది, అంచుల్లో తను పెన్సిల్‌తో రాసుకున్న మాటలు కూడా, ఒక పేజీలో అయితే బాణం గీసి "ఇది నువ్వే" అని రాసింది, నేను అప్పట్లో చూసుకోనే లేదు. ఫోన్ చేసి పంపిస్తానే అంటే వద్దులే ఉంచుకో అంది. పుస్తకం వనితా విత్తం పరహస్తం గతం గతం, అంటే ఇంకొకళ్ల చేతికి వెళ్తే ఇక పోయినట్టే అని పెద్దవాళ్లు బాధపడి చెప్పిన మాటే, తను ఎంత ఇష్టంగా చెప్పిందో. పుస్తకం గానీ పాటలు గానీ సీరియల్ గానీ, స్నేహితుల మధ్య తిరిగే వాటి గురించే రాయండి, అదొక్కటే షరతు.

కొత్తవాళ్ల కోసం: గణం అంటే పాదంలో ఒక లయ ముక్క. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు (పుస్త, కమ్ము, చదివి లాంటి చిన్న ముక్కలు), ఆపైన రెండు ఇంద్రగణాలు (వాటికంటే కాస్త పెద్దవి). 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. యతి అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని కలవడం, అది నాలుగో గణం మొదటి అక్షరానికి, మన పాదంలో పు కి పో. ప్రాస (పాదాల రెండో అక్షరాలు కలవడం) అక్కర్లేదు. వేమన పద్యం బాణీలో పైకి పాడి చూసుకోండి, ఎక్కడ తప్పిందో చెవికే తెలిసిపోతుంది.

కాలువగట్టు:
మొదటి బోణీ నాదే అనుకుంటా.

స్నేహితుండు చదివి చెల్లెలికిచ్చెను
చెల్లెలత్తవారి సీమ చేరె
అచట నలుగురింట నది వెల్గు నింపంగ
పుస్తకమ్ము రాకపోవ మేలు

పాతపంతులు:
బాగుంది నాయనా. స్నే కి చె, చె కి సీ, రెండూ సరైన యతులే, చ కి స కి మైత్రి ఉంది. రెండు మాటలు చెప్తాను. చేరె తర్వాత అచట అని అచ్చుతో మొదలుపెట్టావు, అక్కడ సంధి చెయ్యాలి, "నచట" అను, గణం మారదు. ఇచ్చెను తర్వాత చెల్లెలు జెల్లెలు కావాలని పట్టుబట్టేవాళ్లు ఉన్నారు, పాదం మారింది కాబట్టి నేను వదిలేస్తున్నా. ఇంకోటి, సీమ చేరింది చెల్లెలా పుస్తకమా? చదివేవాడు ఒక్క క్షణం ఆగుతాడు.

ఓరుగల్లు:
నాకైతే "నది వెల్గు" అన్నకాడ నది అనే వినపడ్డది, అది అని తర్వాత అర్థమైంది.

కాలువగట్టు:
పంతులుగారూ నచట అని మార్చేస్తున్నా. ఓరుగల్లు గారూ, నది అని వినపడితే నాకు ఇంకా సంతోషమే, మాది కృష్ణ కాలువల పక్క ఊరు, 1935లో గ్రంథాలయోద్యమం నడిపిన పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి ఈ కాలువల మీదే ఊరూరికీ పంపించారు, పడవ రేవుకి రాగానే జనం వచ్చి పాతవి ఇచ్చి కొత్తవి పట్టుకెళ్లేవాళ్లంట, మా ఇంట్లో పెద్దాళ్లు ఎప్పుడూ చెప్పేవాళ్లు. ఆ పడవే మనసులో పెట్టుకుని రాశాను.

కొత్తకలం:
మొదటిసారి రాస్తున్నానండీ తప్పులుంటే చెప్పండి, నా ఫ్రెండూ నేనూ పాటలు సీరియళ్లు పంపుకుంటూనే ఉంటాం, తను ఒక నవల కూడా పంపిస్తానంటోంది నాకేమో టైం లేదు.

నీవు పంపు పాట నిండె నా సెల్లులో
సీరియళ్లు చూస్తి నిదుర లేక
ఇంక చదువ నాకు నేదమ్మ తీరిక
పుస్తకమ్ము రాకపోవ మేలు

పాతపంతులు:
మొదటిసారి అంటే నమ్మబుద్ధి కావట్లేదమ్మా, గణాలన్నీ కుదిరాయి. "నాకు నేదమ్మ" కూడా సరే, నాకున్ + ఏది. రెండో పాదంలో యతి తప్పింది, సీ కి ని కుదరదు. "సీరియళ్లు చూస్తి సెలవు రోజు" అంటే సరిపోతుంది.

కొత్తకలం:
థాంక్సండీ కానీ సెలవు రోజు కాదు కదా, నేను రాత్రంతా మేలుకునే చూశాను, ఇద్దరం ఒకే టైంకి ఆన్ చేసుకుని ఒక్కో సీన్‌కి మెసేజ్ పెట్టుకుంటూ, తెల్లారి నాలుగయింది. ఆ రాత్రి పోతే పద్యంలో ఇంకేం ఉండదు.

మూడోబోగీ:
"సీరియళ్లు చూస్తి చీకటంత" అనండి. సీ కి చీ, యతి కలిసింది, రాత్రీ ఉంది.

కొత్తకలం:
అబ్బ ఇదే ఇదే. చీకటంత!! తీసుకుంటున్నానండీ.

లంకలక్ష్మి:
ఇక్కడ నా మాట ఒకటి. పంతులుగారి సవరణలో ఛందస్సు తప్పు లేదు, కానీ రాసినావిడ బతికిన రాత్రిని తీసేసి సెలవు రోజు పెట్టాం. యతి కోసం మాట వెతకాల్సిందే, ఆ మాట మాత్రం మనం చూసిన దాంట్లోంచే రావాలని నేను గట్టిగా నమ్ముతాను. చీకటంత అనేది అలా వచ్చింది.

పాతపంతులు:
ఒప్పుకుంటున్నానమ్మా.

మూడోబోగీ:
నాది.

ఏండ్లు గడిచెనయ్య యిచ్చి నీ చేతికి
నిన్ను చూడలేదు నేటి వరకు
రైలు టికెటు కొంటి రాజమండ్రికి నేడు
పుస్తకమ్ము రాక, పోవ మేలు

కాలువగట్టు:
ఒక్క కామా పెట్టి మొత్తం తిప్పేశారు కదండీ! పుస్తకం రాలేదు కాబట్టి మనమే పోవడం మేలు. నేను రాకపోవ అనేది ఒకే మాటనుకుని కూర్చున్నా.

పాతపంతులు:
అవధానాల్లో పృచ్ఛకుడు చిక్కుముడి వేస్తే అవధాని పదం విరిచి విప్పుతాడే, అదే పద్ధతి ఇది. మొదటిది భావంతో విప్పాడు, ఇది విరుపుతో విప్పాడు, రెండూ ఒప్పే. రై కి రా, ఐ కారానికి ఆ కారం, యతి చక్కగా ఉంది. ఇచ్చింది ఏమిటో చెప్పకుండా మూడు పాదాలు నడిపి చివర్న పుస్తకం అనడం నాకు బాగా నచ్చింది.

కొత్తకలం:
టికెట్ నిజంగా కొన్నారాండీ?

మూడోబోగీ:
కొన్నానండీ, శుక్రవారం రాత్రి బండి. పదకొండేళ్లయింది వాణ్ని చూసి. పుస్తకం అడగడానికి కాదు, వాడికి ఇంకో రెండు తీసుకెళ్తున్నా, ఆదివారం కోఠి ఫుట్‌పాత్ మీద కొన్నవి.

ఓరుగల్లు:
ఇగ నాది. నా దోస్తు కువైట్‌ల ఉంటది, పోయేటప్పుడు నా పుస్తకం తీస్కపోయింది, నాకిప్పుడు కండ్లు సరిగ కనపడ్తలేవు చిన్నక్షరాలు అస్సలు చదువరాదు, అది తెలిసి రోజు ఫోన్ చేసి ఒక పేజీ చదివి వినిపిస్తది. ఆడ ఏడున్నరైతే మనకు పది. దాని ఎనక వంటింట్ల కుక్కర్ కూత గూడ నాకు ఇనపడ్తది.

రాత్రి ఫోనులోన రాగాన చదివెద
వొక్క పేజి చొప్పు నోపికగను
పొత్తమింటికొస్తె పోవు నీ గొంతుక
పుస్తకమ్ము రాకపోవ మేలు

లంకలక్ష్మి:
మూడో పాదం దగ్గర ఆగిపోయానండీ. ఇంక ముందుకి వెళ్లలేకపోయాను కాసేపు.

పాతపంతులు:
చదివెదవు ఒక్క అనేదాన్ని పాదం చివర విరిచి "చదివెద / వొక్క" అనడం చెయ్యి తిరిగిన పని. ఇంటికొస్తె వ్యావహారికం, "పొత్తమిల్లు చేర పోవు నీ గొంతుక" అంటే ఎలా ఉంటుందో చూడమ్మా.

ఓరుగల్లు:
చూసిన సార్. కానీ చేర పోవు అని కలిపి చదివితే చేరబోవు అయితది, గొంతు ఇంటికి రాబోతుందన్నట్టు ఉల్టా అర్థమొస్తది. నాకు ఒస్తె నే మంచిగుంది.

పాతపంతులు:
నిజమే, నేను అంతదూరం ఆలోచించలేదు. నీదే ఉంచు.

మూడోబోగీ:
ఒక్కటే చిన్నది, పొత్తం అన్నా పుస్తకం అన్నా ఒకటే కదా, వెంటవెంటనే వచ్చాయి. "పోస్టులోన వస్తె పోవు నీ గొంతుక" అంటే యతి పో కి పో, పైగా కువైట్ నుంచి రావాలంటే పోస్టులోనే కదా.

ఓరుగల్లు:
ఔ ఇది మంచిగుంది, పెట్టుకుంటున్న.

లంకలక్ష్మి:
ఈ వారం నా ఓటు ఓరుగల్లు గారికే. విరుపులో నేర్పు మూడోబోగీ గారిది, అది చాలా పెద్ద నేర్పు. కానీ రాకపోవడం ఎందుకు మేలో నాకు నమ్మకం కలిగించింది ఈ పద్యం, మొదట్నించీ వేరే కారణమే లేదన్నంతగా. ఈ పద్యాన్ని మా ఫ్రెండ్‌కి పంపించేశాను, వాళ్ల పుస్తకంలో ఆ బాణం గీసిన పేజీ ఫోటో తీసి దాంతో పాటు.

ఓరుగల్లు:
మేడమ్, రాత్రి పద్యం నేనే దానికి చదివిన. ఇన్నొద్దులు అది చదువుడు నేను ఇనుడే ఉండె, మొదటిసారి ఉల్టా అయింది. జర్రసేపు ఏం మాట్లాడలే. మళ్ల ఒకసారి చదువమన్నది, చదివిన. తర్వాత దాని పేజీ అది చదివింది, ఇంక నూటా ఇరవై పేజీలున్నయట.