హారర్ నవలల సినిమాలు: వసూళ్లన్నీ లాభమేనా?

ప్రశ్న – మ్యాట్నీ ప్రేక్షకుడు

స్టీఫెన్ కింగ్ నవల ఆధారంగా 2017లో వచ్చిన ‘ఇట్’ చిత్రాన్ని దాదాపు 3.5 కోట్ల డాలర్లతో తీశారని, అది ప్రపంచవ్యాప్తంగా 70 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసిందని చదివాను. అదే రచయిత నవలతో 2019లో వచ్చిన ‘డాక్టర్ స్లీప్’కు కనీసం 4.5 కోట్ల డాలర్లు ఖర్చు కాగా, సుమారు 7.2 కోట్లు వచ్చాయి. అలాంటప్పుడు మొదటి చిత్రం లాభం 66 కోట్లు అనుకోవచ్చా? ఖర్చుకు మించి వసూలు చేసిన రెండో చిత్రాన్ని ఫ్లాప్ అని ఎందుకు అంటున్నారు?

జవాబు – లెక్కల మాస్టారు

మీరు చెప్పినవి గ్రాస్ అంకెలు. స్టూడియో చేతికి అందేది షేర్ మాత్రమే. అమెరికాలో టికెట్ డబ్బులో రమారమి సగం థియేటర్లకే పోతుంది. విదేశాలలో స్టూడియో వాటా అంతకంటే తక్కువ, చైనాలోనైతే సుమారు నాలుగో వంతే. ‘డాక్టర్ స్లీప్’ అమెరికా వసూళ్లు 3.2 కోట్ల లోపే కనుక అక్కడ 1.6 కోట్లు, మిగిలిన 4 కోట్లలో నలభై శాతం చొప్పున మరో 1.6 కోట్లు వేసుకున్నా, మొత్తం 3.2 కోట్లు దాటదు. అంటే నిర్మాణ వ్యయమే తిరిగి రాలేదు.

జవాబు – రెండో ఆట

పై లెక్కలో ప్రచార వ్యయం ఇంకా చేరలేదు. ప్రకటించే బడ్జెట్‌లో అది సాధారణంగా ఉండదు; పెద్ద స్టూడియో విడుదలలలో చాలాసార్లు నిర్మాణ వ్యయంతో సమానంగానో, చిన్న బడ్జెట్ హారర్ చిత్రాలకైతే అంతకు మించో ఉంటుంది. మరోవైపు టీవీ, డిస్క్, స్ట్రీమింగ్ హక్కుల ఆదాయం బాక్సాఫీస్ అంకెలలో కనిపించదు. ఇవన్నీ కూడి, తీసివేసిన తరువాత ‘ఇట్’ నికర లాభాన్ని డెడ్‌లైన్ పత్రిక 29 కోట్ల డాలర్లకు పైగా అంచనా వేసింది. 66 కోట్లు కాకపోయినా, 3.5 కోట్ల పెట్టుబడికి అది మామూలు రాబడి కాదు.

మ్యాట్నీ ప్రేక్షకుడు

ధన్యవాదాలు. మరి 2019లోనే వచ్చిన ‘ఇట్’ రెండో భాగం 47 కోట్లకు పైగా వసూలు చేసింది కదా, దానిని విజయమనే అనాలా?

జవాబు – లెక్కల మాస్టారు

నిస్సందేహంగా. అయితే బడ్జెట్ రెట్టింపు దాటి సుమారు 7.9 కోట్లకు చేరింది, వసూళ్లేమో మూడో వంతు తగ్గాయి. రెండు గంటల నలభై తొమ్మిది నిమిషాల నిడివి వల్ల రోజువారీ ఆటల సంఖ్య కూడా కొంత తగ్గి ఉంటుందని నా అనుమానం. ‘డాక్టర్ స్లీప్’ సైతం రెండున్నర గంటలదే. రచయిత పేరు ఒక్కటే జనాన్ని రప్పించగలిగితే, రెండు నెలల తేడాతో వచ్చిన ఈ రెండు చిత్రాల వసూళ్లలో ఇంత అంతరం ఉండేది కాదు.