చెట్లను కూడా కొమ్మ గుచ్చి పెంచవచ్చా, విత్తనమే వేయాలా?

పెరటితోట:
మా మునగ చెట్టు మొన్నటి గాలివానకు వేళ్లతో సహా ఒరిగిపోయింది. ఆరేళ్ల కిందట మణికట్టు లావు కొమ్మ నరికి గుచ్చాను. నెలకే చిగురు వేసింది, ఏడాది తిరిగేసరికి కాయలు కోసుకున్నాం. పడ్డాక చూస్తే వేళ్లన్నీ పళ్లెంలా పైపైనే పరుచుకుని ఉన్నాయి, లోతుకు దిగింది ఒక్కటీ లేదు. పక్కింటివాళ్లది విత్తనం నాటిన మునగ. అదే గాలికి రెండు కొమ్మలు విరిగాయి కానీ చెట్టు నిలబడింది. మందారం, మల్లె, నందివర్ధనం నేనూ కొమ్మలతోనే పెంచుతాను, వాటితో పేచీ లేదు. సులువుగా వస్తుంది కదా అని చెట్లను కూడా అలాగే పెంచడం తప్పని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

నీడచెట్టు:
మీరన్నది నిజం. విత్తనం మొలిచేటప్పుడు ముందు బయటికి వచ్చేది వేరు, ఆకు కాదు. అది నిటారుగా కిందికి దిగి తల్లివేరు అవుతుంది. నరికిన కొమ్మకు ఆ భాగ్యం లేదు. కణుపుల దగ్గర, కోసిన అంచు దగ్గర బెరడు లోపలి కణాలు దారి మార్చుకుని వేర్లుగా తయారవ్వాలి. అలా పుట్టిన వేర్లు చాలావరకు పక్కలకే పాకుతాయి.

ఇంకో సంగతి. ఒకే చెట్టు కొమ్మలతో పెంచినవన్నీ లోపల ఒకే చెట్టు. లాంబార్డీ పాప్లర్ అని సన్నగా, నిటారుగా పెరిగే చెట్టు ఉంది. తరతరాలుగా దాన్ని కొమ్మలతోనే దేశదేశాల్లో నాటారు. ఒకదానికి అంటుకునే జబ్బు వరసలో ఉన్న అన్నిటికీ అంటుకుంటుంది. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంపకు తెగులు వచ్చినప్పుడు అంత నష్టం జరగడానికి ఒక కారణం కూడా ఇదే. దుంప ముక్కలతో పెంచిన ఒకటి రెండు రకాలే పొలాల నిండా ఉన్నాయి.

మట్టిచేతులు:
ఇద్దరితోనూ నేను ఏకీభవించను. తల్లివేరు గొప్పతనం కాదనను. అయితే మనం కొని తెచ్చే విత్తనం మొక్కల్లో అది నిజంగా ఎన్నిటికి ఉంటుంది? ప్లాస్టిక్ కవర్లో ఏడాది ఉన్న మొక్కను విప్పి చూడండి. తల్లివేరు అడుగు తగిలి, అక్కడే చుట్టలు చుట్టుకుని ఉంటుంది. ఆ చుట్ట విప్పకుండా నాటితే పదేళ్లయినా అలాగే ఉండిపోతుంది. లోతు వేరు కావాలంటే విత్తనాన్ని చెట్టు ఉండాల్సిన చోటే వేయాలి. ఆ ఓపిక లేకుండా 'విత్తనం మొక్క' అన్న మాటను నమ్ముకుని లాభం లేదు. పైగా ఎదిగిన చెట్లలో ఎక్కువ వేర్లు పై మీటరు మట్టిలోనే ఉంటాయి. చెట్టును నిలబెట్టేది చాలావరకు ఆ పక్క వేర్ల వెడల్పే.

పెరటితోట గారూ, మీ చెట్టు సంగతి నేరుగా అడుగుతాను. ఆరేళ్లలో ఎన్నిసార్లు తల కొట్టారు? మునగ కర్ర మెత్తన, పెరుగుదల తొందర. ఏటా కాపు అయ్యాక మీటరు ఎత్తుకు నరక్కపోతే పైన బరువంతా గాలికి తెరచాప అవుతుంది. నీళ్లు రోజూ కొంచెం కొంచెం పోసేవారా? అలా పోస్తే వేర్లకు లోతుకు వెళ్లే అవసరమే ఉండదు.

ఇక పండ్ల విషయానికి వస్తే విత్తనం వాదన నిలవదు. అత్తి, దానిమ్మ, ద్రాక్ష గింజ నుంచి పెంచితే పండు తల్లిలా ఉంటుందన్న హామీ లేదు, చాలాసార్లు నాసిగానే వస్తుంది. మునగ కూడా అంతే. తేనెటీగలు ఏ చెట్టు పుప్పొడి తెచ్చాయో గింజకే తెలియాలి. పైగా కాపు చెట్టు నుంచి తీసిన కొమ్మకు ఆ చెట్టు వయసే ఉంటుంది. అందుకే మీకు ఏడాదికే కాయలొచ్చాయి. ఆ లాభం ఆరేళ్లు తీసుకుని, ఇప్పుడు తప్పంతా కొమ్మ మీద వేయడం న్యాయమా?

కొత్తమాలి:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. సులువు అంటున్నారు, నాకు సులువుగా లేదు. మామిడి కొమ్మ నీళ్లలో పెడితే నెలన్నరకు కుళ్లింది. గులాబీకి నీళ్లలోనే వేర్లు వచ్చాయి, మట్టిలో పెట్టగానే వాడిపోయింది. టెన్షన్‌తో రోజూ పీకి చూసేదాన్ని.

కణుపు:
అమ్మా, ముందు పీకి చూడటం మానండి. సన్న వేర్లు అక్కడే తెగిపోతాయి. నీళ్లలో పుట్టిన వేర్లు పెళుసు, మట్టి రేణువులను పట్టుకునే నూగు వాటికి తక్కువ. రెండు సెంటీమీటర్లు రాగానే మార్చాలి, పొడుగు పెరిగాక కాదు. గులాబీకైతే నీళ్ల కంటే సగం ఇసుక కలిపిన మట్టే మేలు. పెన్సిల్ లావు కొమ్మ, 15 నుంచి 20 సెంటీమీటర్లు, కనీసం మూడు కణుపులు ఉండాలి. కింది కోత కణుపుకు ఆనించి ఉండాలి, రెండు కణుపులు మట్టిలోకి పోవాలి. పువ్వు, మొగ్గ తీసేయండి, పైన ఒకటి రెండు ఆకులు చాలు. పలచని ప్లాస్టిక్ కవరు కప్పి, ఎండ నేరుగా తగలని వెలుతురులో ఉంచండి. వేర్లు లేని కొమ్మ ఎండిపోయి చస్తుంది, లేదా మనం పోసే నీళ్లకు కుళ్లి చస్తుంది. ఈ రెండింటి మధ్య దాన్ని నెల రోజులు కాపాడటమే పని.

తలకిందులుగా గుచ్చకండి. వేరు పుట్టించే ఆక్సిన్ అనే హార్మోన్ కొమ్మలో చిగురు వైపు నుంచి కిందికే నడుస్తుంది. దేవగన్నేరు లాంటి పాలు కారే కొమ్మలను వారం, పది రోజులు నీడలో ఆరబెట్టి నాటాలి.

మామిడి కొమ్మకు మాత్రం ఇంట్లో వేర్లు తెప్పించడం దాదాపు వృథా, దానికి అంటు కట్టాల్సిందే. జామకు, నిమ్మకు గాలి అంటు మంచిది. కొమ్మ చెట్టు మీద ఉండగానే బెరడు ఉంగరంలా తీసి, తడి నాచు కట్టి, వేర్లు వచ్చాక కోయడం. కొబ్బరి, తాటిలో కొమ్మ ప్రశ్నే లేదు.

నీడచెట్టు:
పండ్ల విషయంలో మట్టిచేతులు గారి మాట ఒప్పుకుంటున్నాను. నీడ కోసం, నూరేళ్ల కోసం వేసే చెట్టు విషయంలో ఒప్పుకోను. ఇంటి గోడ పక్కన, మనుషులు నడిచే దారి పక్కన కొమ్మతో పెంచిన పెద్ద చెట్టు ఉండకూడదు. తల కొట్టడం మరిచిపోయిన ఏడాదే గాలి వస్తుంది. అక్కడ విత్తనమే, అదీ ఆ గుంటలోనే.

మట్టిచేతులు:
దారి పక్కన అన్నారు కాబట్టి మీతో వాదించను. పెరటి మునగను మాత్రం వదులుకోను.

పెరటితోట:
తల ఒక్కసారే కొట్టాను, అదీ మూడో ఏడాది. నీళ్లూ రోజూ పోశాను. మీరు అడిగాకే ఆ రెండూ కలిపి ఆలోచించాను. పడిన చెట్టు కొమ్మలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. మీటరు పొడుగున ఒకటి కోసి నీడలో పెట్టాను, రేపు ఇంటికి దూరంగా కంచె మూలన గుచ్చుతాను, ఇకపై ఏటా నరుకుతాను. పాత గుంట దగ్గర మాత్రం పక్కింటి చెట్టు గింజలు మూడు వేస్తున్నాను. వాటిలో బలమైనది ఉంచి మిగతా రెండూ తీసేయాలా, కొన్నాళ్లు ఆగి చూడాలా?

కణుపు:
జానెడు ఎత్తు వచ్చేదాకా ఆగండి. అప్పుడు పీకకుండా, మిగతా రెంటినీ నేలమట్టంగా కత్తిరించండి. పీకితే ఉంచిన మొక్క వేరు కదులుతుంది.