అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో అభ్యర్థి చెప్పే మాట ఒకటి, వార్తల్లో మిగిలే మాట మరొకటి ఎందుకవుతోంది?

ప్రశ్న – విశ్రాంత ఉపాధ్యాయుడు, కందుకూరు

నమస్కారం. మా అమ్మాయి, అల్లుడు పెన్సిల్వేనియాలో ఉంటున్నందువల్ల 2024 ఆగస్టు నుంచి నవంబరు దాకా నేనూ మా ఆవిడా అక్కడే ఉన్నాము. మన దగ్గర ఎన్నికలంటే మైకు ఆటో, గోడ మీద రాత, గుమ్మం దాకా వచ్చి దండం పెట్టే అభ్యర్థి. అక్కడ మేమున్న వీధిలో ఆ సందడి కనిపించలేదు కానీ, సాయంత్రం టీవీ పెడితే వాతావరణ వార్తకూ ఫుట్‌బాల్ ఆటకూ మధ్య నాలుగైదు ఎన్నికల ప్రకటనలు వరసగా వచ్చేవి.

నాకు వింతగా తోచిన సంగతి ఇది. మొదటిసారి ఇల్లు కొనుక్కునేవారికి 25,000 డాలర్ల దాకా సాయం చేస్తానని కమలా హారిస్ సభ తర్వాత సభలో చెబుతూ వచ్చారు. మా అల్లుడి స్నేహితులెవరికీ ఆ పథకం గుర్తులేదు. అక్టోబరు 8న ఒక టీవీ కార్యక్రమంలో, అప్పటి అధ్యక్షుడు బైడెన్ కంటే భిన్నంగా మీరు ఏం చేసి ఉండేవారని అడిగితే, తనకు ఏదీ తట్టడం లేదని ఆమె అన్న ఒక్క ముక్క మాత్రం అందరికీ గుర్తుంది. ట్రంప్ విషయంలోనూ అంతే. గంటన్నర ప్రసంగాలు చేసిన మనిషి గురించి జనం చెప్పుకున్నది అక్టోబరు 20న పెన్సిల్వేనియాలోని ఒక మెక్‌డొనాల్డ్స్ కిటికీలోంచి ఆయన తిండి పొట్లాలు అందించిన దృశ్యం. వ్యూహకర్తలకు అంత డబ్బు పోసే పార్టీలు, ఏ మాట జనంలోకి పోవాలో తామే నిర్ణయించుకోలేవా? పైగా మన దగ్గర టీవీ ప్రకటనకు ముందస్తు అనుమతి ఉంది, పోలింగుకు 48 గంటల ముందు ప్రచారం ఆగుతుంది. అక్కడ అటువంటి కట్టుబాటు ఏదీ లేదా?

జవాబు 1 – ఒకప్పటి ఉపసంపాదకుడు, ఒంగోలు

మాస్టారూ, నేను ఒక దినపత్రిక జిల్లా డెస్కులో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి డెస్కు వైపు నుంచి చెబుతాను. అభ్యర్థి ఒకే ప్రసంగాన్ని ఇరవై ఊళ్లలో చేస్తాడు, చేయక తప్పదు, ఎందుకంటే ఏ ఊరి జనానికైనా అది మొదటిసారి వినడమే. వెంట తిరిగే విలేకరికి మాత్రం రెండో ఊరికే అది పాత సరుకు. అతనికి నిన్న లేనిది కావాలి: నోరు జారడం, ఎదుటివారి ఆరోపణ, సర్వేలో తేడా. మంత్రిగారి మూడు పేజీల ప్రెస్ నోట్‌ను రెండు పేరాలకు కుదించి, అదే సభలో జరిగిన తోపులాటకు ఫొటోతో సహా నాలుగు కాలాలు ఇచ్చిన రోజులు నాకూ ఉన్నాయి; అందుకు ఇప్పుడు గర్వపడటం లేదు.

డేనియల్ హాలిన్ అనే పరిశోధకుడు అమెరికా టీవీ వార్తలను గడియారం పెట్టి కొలిచి చూశారు. అభ్యర్థి గొంతు మధ్యలో తెగకుండా వినిపించే నిడివి 1968లో సగటున 43 సెకన్లు ఉంటే, 1988 నాటికి 9 సెకన్లకు పడిపోయింది. తొమ్మిది సెకన్లలో ఇంటి పథకాన్ని వివరించడం ఎవరి తరమూ కాదు. ఎదుటివాణ్ణి ఒక మాట అనవచ్చు, లేదా మాటే లేకుండా ఒక బొమ్మ చూపించవచ్చు. రీగన్ బృందం ఈ రెండో దారిని ముందే పట్టుకుంది. 1984లో సీబీఎస్ విలేకరి లెస్లీ స్టాల్, రీగన్ ప్రచారం చూపే దృశ్యాలకూ ఆయన విధానాలకూ పొంతన లేదని ఎండగడుతూ ఒక కథనం ప్రసారం చేశారు. శ్వేతసౌధం వారు కోప్పడతారని ఆమె అనుకుంటే, అక్కడి అధికారి ఒకరు కథనం బాగుందని మెచ్చుకున్నారట. జెండాలు, బుడగలు, నవ్వే ముఖాలు తెర నిండా కనిపిస్తుంటే వెనక ఆమె చెప్పింది ఎవరు విన్నారన్నది ఆయన లెక్క. ఈ సంగతి తర్వాత ఆమే స్వయంగా చెప్పారు. మీరు చూసిన మెక్‌డొనాల్డ్స్ కిటికీ ఆ కోవలోదే.

ఇక వార్తల చేత ఉచితంగా మోయించుకునే విద్య ఇంకా పాతది. 1964 సెప్టెంబరు 7న అధ్యక్షుడు జాన్సన్ ప్రచార బృందం ఎన్‌బీసీలో ఒక నిమిషం ప్రకటన వేసింది: ఒక చిన్న పాప పువ్వు రేకులు లెక్కపెడుతూ తుంచుతుంటుంది, ఆ లెక్క క్షిపణి ప్రయోగపు లెక్కగా మారుతుంది, అణుబాంబు పేలుతుంది. డబ్బు కట్టి దాన్ని ప్రసారం చేయించింది ఆ ఒక్కసారే. మిగతా ఛానళ్లు అదే వార్త అంటూ మళ్లీ మళ్లీ చూపించాయి. అందులో ఎదుటి అభ్యర్థి గోల్డ్‌వాటర్ పేరు ఎక్కడా రాదు, రావలసిన అవసరమూ లేదు. అణ్వాయుధాల గురించి ఆయన అప్పటికే అన్న మాటలు జనం మనసులో ఉన్నాయి. 2004లో డెమోక్రాట్ల అభ్యర్థి జాన్ కెర్రీ వియత్నాం యుద్ధ సేవను శంకిస్తూ ఒక బయటి సంఘం మూడు రాష్ట్రాల్లో మాత్రమే వేసిన ప్రకటన కూడా ఇలాగే దేశమంతా తిరిగింది. ఆరోపణ నిజమా కాదా అని చర్చించడానికే ఛానళ్లు దాన్ని వేసేవి, వేసిన ప్రతిసారీ ఆరోపణ మరో ఇంట్లో అడుగుపెట్టేది.

2016లో ట్రంప్ దీన్ని పూర్తి వ్యాపారంగా మార్చారు. ఆ ఏడాది ఫిబ్రవరి చివరి దాకా ఆయన టీవీ ప్రకటనలకు పెట్టిన ఖర్చు సుమారు కోటి డాలర్లు. అప్పటికే ఆయనకు దక్కిన ఉచిత ప్రచారానికి మీడియాక్వాంట్ అనే సంస్థ కట్టిన విలువ దాదాపు 200 కోట్ల డాలర్లు. అందులో తిట్లూ కలిసే ఉన్నాయన్నది మరిచిపోకూడదు.

జవాబు 2 – స్వస్థలం బుచ్చిరెడ్డిపాళెం, ప్రస్తుతం ఫిలడెల్ఫియా

మాస్టారు గారి రెండో ప్రశ్నకు నేను చెప్పగలను, ఎందుకంటే నేను ఇక్కడ ఒక స్థానిక టీవీ ఛానల్ ప్రకటనల విభాగంలో లెక్కలు చూస్తాను.

మన జిల్లాల్లో కమిటీ ముందు ప్రకటనను ఉంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఇక్కడ అందుకు పూర్తిగా తలకిందులు: అభ్యర్థి తన పేరున ఇచ్చే ప్రకటన పచ్చి అబద్ధమని మాకు అనిపించినా, అందులో ఒక్క అక్షరం మార్చే హక్కు చట్టప్రకారం మా స్టేషన్‌కు లేదు. బయటి సంఘాలు ఇచ్చేదైతే కాదనవచ్చు. ధరలోనూ తేడా ఉంది. పోలింగుకు ముందు 60 రోజుల్లో అభ్యర్థి దగ్గర, అదే తరహా సమయానికి మా పెద్ద వ్యాపార ఖాతాదారుకు ఇచ్చే అతి తక్కువ రేటే తీసుకోవాలి. బయటి సంఘాలకు ఆ రాయితీ లేదు, వారు ఎంత గిరాకీ ఉంటే అంత కట్టాలి. అందువల్ల ఒకే ముప్పై సెకన్లకు ఇద్దరు కట్టే సొమ్ములో ఎన్నో రెట్ల తేడా రావచ్చు. ఎవరు ఎంత కట్టారన్న కాగితాలను ఎవరైనా చూసేలా బహిరంగ దస్త్రంలో పెట్టాలి. పోలింగుకు ముందు మౌనకాలం మాత్రం లేదు. ఓటు పడుతున్న రోజున కూడా ప్రకటనలు వస్తూనే ఉంటాయి.

మీరు అన్ని ప్రకటనలు చూడటానికి కారణం మీ అల్లుడి చిరునామా. పెన్సిల్వేనియాకు 19 ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాలవారీగా లెక్కపెట్టి అధ్యక్షుణ్ణి తేల్చే ఓట్లు), గెలుపునకు కావలసినవి 270, ఫలితం ఎటైనా మొగ్గవచ్చు. అదే మీరు కాలిఫోర్నియాలో ఉండి ఉంటే ప్రశాంతంగా వాతావరణ వార్త చూసుకునేవారు.

ఒక్క ప్రకటన సంగతి చెప్పి ముగిస్తాను. ఖైదీల లింగమార్పిడి చికిత్స గురించి హారిస్ 2019లో మాట్లాడిన క్లిప్పును తీసుకుని ట్రంప్ బృందం ఒక ప్రకటన చేసి ఫుట్‌బాల్ ఆటల మధ్య విపరీతంగా వేసింది. చివరి వాక్యం ఇంగ్లీషు సర్వనామాలతో చేసిన శ్లేష, దాన్ని తెలుగులోకి తేలేము. ఆమె ‘వాళ్ల’ మనిషి, ఈయన ‘మీ’ మనిషి అన్నంత అర్థం వస్తుంది. ఆమె నోటి మాటే ఆమె మీద సాక్ష్యమైంది. అందులో అసలు విషయం ఖైదీలు కారని, ‘మన ధరల గురించి కాకుండా వేరే ఎవరి గురించో ఆలోచిస్తున్నారు’ అన్న కోపమేనని నా అభిప్రాయం.

జవాబు 3 – రాజనీతి శాస్త్ర అధ్యాపకుడు, కావలి

పై ఇద్దరూ చెప్పిన వివరాలతో నాకు పేచీ లేదు కానీ, సందేశానికి వారు కట్టిన వెల ఎక్కువనిపిస్తోంది. 1960 సెప్టెంబరు 26న అధ్యక్ష అభ్యర్థులు నిక్సన్, కెనెడీల మధ్య జరిగిన చర్చను రేడియోలో విన్నవారు నిక్సన్ గెలిచారనీ, టీవీలో చూసినవారు కెనెడీ గెలిచారనీ పాఠ్యపుస్తకాల్లో సైతం రాస్తారు; దానికి ఉన్న ఆధారం చాలా పలుచన. 1992లో క్లింటన్ ప్రచార కార్యాలయంలో వ్యూహకర్త జేమ్స్ కార్విల్ రాసిపెట్టిన, ‘అసలు విషయం ఆర్థిక వ్యవస్థే’ అన్న అర్థం వచ్చే వాక్యాన్ని జనాన్ని గెలిచిన నినాదంగా చెప్పుకుంటారు. అది జనం కోసం రాసింది కాదు, లిటిల్ రాక్ ఊళ్లోని ఆ కార్యాలయంలో పనిచేసే కార్యకర్తలు దారి తప్పకుండా గోడకు తగిలించుకున్నది. ఆ ఏడాది జూన్‌లో నిరుద్యోగం 7.8 శాతానికి చేరింది. గల్ఫ్ యుద్ధం ముగిసినప్పుడు 89 శాతం మంది మెచ్చిన అప్పటి అధ్యక్షుడు పెద్ద బుష్ ఓడిపోవడానికి గోడ మీది కాగితం ఎంత కారణమో, ఆ 7.8 ఎంత కారణమో వేరుచేసి చూడాలి. 2024లోనూ అంతే. ద్రవ్యోల్బణం 2022 జూన్‌లో 9.1 శాతానికి వెళ్లి తర్వాత తగ్గింది, కానీ పెరిగిన ధరలు వెనక్కి రాలేదు. వంద కోట్ల డాలర్లకు పైగా సేకరించిన హారిస్ ప్రచారానికి 226 ఎలక్టోరల్ ఓట్లు, ట్రంప్‌కు 312 వచ్చాయి.

మా నెల్లూరు జిల్లాలోనే ఇందుకు సాక్ష్యం ఉంది. అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా దూబగుంట ఆడవాళ్లు సారా వల్ల నాశనమైన ఒక కుటుంబం కథను వాచకంలో చదివారు, ఆ తర్వాత సారా దుకాణం మూయించారు. పత్రికలు రోజూ రాయడం వల్ల ఆ కబురు రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం పెద్ద హామీ అయింది. ఆ వాచకం ఎవరికీ కొత్త సంగతి చెప్పలేదు. చదివిన ప్రతి మనిషికీ అది తన ఇంటి కథ. పత్రికలు మోశాయి, నిజమే, కానీ మోయడానికి సరుకు ముందే ఉంది.

ప్రశ్న అడిగినవారు – కందుకూరు

ముగ్గురికీ కృతజ్ఞతలు. అధ్యాపకుల వారి మాట ఒప్పుకుంటూనే ఒక సందేహం. సరుకు లేని ఆరోపణ కూడా కెర్రీ విషయంలో పాకింది కదా? అది అబద్ధమని నిరూపించే నౌకాదళ రికార్డులు, తోటి సైనికులు తన వైపు ఉండగా ఆయన దాదాపు రెండు వారాలు ఎందుకు గట్టిగా బదులివ్వలేదు? బదులిస్తే ఆరోపణకు బలం వస్తుందనా?

జవాబు 1 – ఒంగోలు

ఆ భయం ఉంది, కానీ దాని వెనక లెక్కల పుస్తకం కూడా ఉంది, మాస్టారూ. ఆ ఏడాది అభ్యర్థులిద్దరూ ప్రభుత్వం ఇచ్చే ప్రచార నిధినే తీసుకున్నారు, ఒక్కొక్కరికి సుమారు 7.5 కోట్ల డాలర్లు. పార్టీ మహాసభలో అభ్యర్థిత్వం ఖాయమైన నాటి నుంచి ఆ సొమ్ముతోనే పోలింగు దాకా నెట్టుకురావాలి. డెమోక్రాట్ల మహాసభ బోస్టన్‌లో జూలై 29న ముగిసింది, రిపబ్లికన్లది న్యూయార్క్‌లో సెప్టెంబరు 2న. అంటే అదే సొమ్మును కెర్రీ ఐదు వారాలు ఎక్కువగా సాగదీయాలి, ఎదుటి అభ్యర్థి చిన్న బుష్ మాత్రం ఆగస్టు అంతా ముందు సేకరించుకున్న విరాళాలను ఖర్చు చేసుకోవచ్చు. సెప్టెంబరు, అక్టోబరు నెలల కోసం దాచుకుందామని కెర్రీ బృందం ఆగస్టులో టీవీ ప్రకటనలను దాదాపు ఆపేసింది. ఆయన తానుగా సభలో నోరు విప్పి ఆ సంఘాన్ని పేరు పెట్టి ఖండించింది ఆగస్టు 19న, అగ్నిమాపక సిబ్బంది సభలో. నాలుగేళ్ల తర్వాత ఒబామా ఆ ప్రభుత్వ నిధే వద్దని విరాళాల మీద నడిచారు.