డేటాబేస్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే దాని మీద ఆధారపడ్డ సర్వీస్ లేవడం లేదు

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో బిల్లింగ్ సర్వర్ చూస్తున్నాను. ఉబుంటు 22.04, సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ 249. బిల్లింగ్ యూనిట్ ఫైల్లో (సర్వీస్ సెట్టింగ్‌ల ఫైల్) రిక్వైర్స్ (ఇది ఉండాలి), ఆఫ్టర్ (దీని తర్వాతే లేవాలి) రెండింటిలోనూ మా డేటాబేస్ మరియాడీబీ సర్వీస్ పేరే ఉంది. ఎనేబుల్ చేసే ఉంది, కరెంటు పోయి వచ్చినా బూట్‌లో సరిగ్గానే లేస్తుంది.

గొడవంతా బ్యాకప్‌తోనే. రాత్రి 11:30కి క్రాన్ స్క్రిప్ట్ (టైమ్‌కి దానంతటదే నడిచేది) సిస్టమ్‌సీటీఎల్ స్టాప్‌తో మరియాడీబీని ఆపి, డేటా ఫోల్డర్ కాపీ చేసి, మళ్లీ స్టార్ట్ చేస్తుంది. డేటాబేస్ లేస్తుంది, బిల్లింగ్ మాత్రం ఇనాక్టివ్ డెడ్‌గానే ఉండిపోతుంది. పొద్దున్నే టిక్కీలు (మిర్చి బస్తాలు) తూకానికి వచ్చేసరికి బిల్లు రాదు, ఇక టెన్షన్. సిస్టమ్‌డీ లాగ్ అయిన జర్నల్‌లో ఎర్రర్ ఏమీ లేదు, మామూలుగా స్టాప్ అయినట్టే ఉంది.

రీస్టార్ట్ కమాండ్ ఇస్తే రెండూ చక్కగా లేస్తున్నాయి, కానీ కాపీ మధ్యలో జరగాలి కాబట్టి అది కుదరదు. బిల్లింగ్ యూనిట్ ఫైల్లో రీస్టార్ట్ ఈక్వల్స్ ఆల్వేస్ పెట్టాను, పనిచేయలేదు. రెండు సర్వీసుల్ని ముడిపెట్టే పార్ట్ఆఫ్, బైండ్స్‌టూ సెట్టింగ్‌లు పెట్టి డీమన్ రీలోడ్ చేసినా అంతే. లిస్ట్ డిపెండెన్సీస్‌కి రివర్స్ ఆప్షన్ ఇచ్చి చూస్తే మరియాడీబీ కింద బిల్లింగ్ కనిపిస్తూనే ఉంది. స్క్రిప్ట్ చివర ఇంకో స్టార్ట్ లైన్ పెట్టొచ్చు గానీ, రేపు ఎవరైనా చేత్తో ఆపి స్టార్ట్ చేస్తే మళ్లీ ఇదే కథ.

మరియాడీబీ ఎప్పుడు స్టార్ట్ అయినా బిల్లింగ్ దానంతటదే లేవాలంటే బిల్లింగ్ ఇన్‌స్టాల్ సెక్షన్‌లో వాంటెడ్‌బై మరియాడీబీ అని రాయాలా, లేక మరియాడీబీకి డ్రాప్‌ఇన్ (అసలు ఫైల్ ముట్టకుండా పెట్టే అదనపు సెట్టింగ్ ఫైల్) పెట్టి అప్‌హోల్డ్స్ (ఇది నడుస్తున్నంతసేపు రెండోదాన్నీ నడిపించే సెట్టింగ్) వాడాలా?