మహాబలిపురం నుంచి పులి గుహకి ఒడ్డు వెంట నడక: మామగారిని తీసుకెళ్ళొచ్చా?

వేళచ్చేరి_వదిన:
ఉగాది తర్వాతి ఆదివారం మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళం 12 మందిమి తీర ఆలయం దగ్గర బయల్దేరి, సముద్రం ఒడ్డునే శాళువన్‌కుప్పం పులి గుహ దాకా నడుద్దామనుకున్నాం. 5 కిలోమీటర్లే కదా అని నేనే అందరినీ లేవదీశాను. ఇప్పుడు నాకే టెన్షన్. మా మామగారికి 72. రోజూ కాంపౌండ్‌లో గంట నడుస్తారు గానీ ఇసుకలో అలవాటు లేదు. "నా కోసం ఎవరూ ఆగక్కర్లేదమ్మా" అంటున్నారు, నా భయమంతా ఆ మాటతోనే.

ఈసీఆర్_బాటసారి:
పోయిన మార్చిలో ఆరుగురం నడిచామండీ. రెండు గంటలు పైనే పట్టింది. పొడి ఇసుకలో మడమ దిగబడుతుంది, అల వెనక్కి పోయాక నల్లగా మెరిసే తడి పట్టీ మీదే నడవాలి. తీరా అక్కడ ఒడ్డు సముద్రం వైపు వాలి ఉంటుంది. ఉత్తరానికి వెళ్తాం కాబట్టి దారి పొడుగునా కుడికాలు పల్లంలోనే. మర్నాడు నాకు నడుం పట్టేసింది. ఎండ కూడా కుడి వైపే, ఒక్క చెంప మాడి వారం రోజులు ఆఫీసులో నవ్వులపాలయ్యాను. ఆరుంపావుకల్లా ఇసుకలో ఉండండి, ఎనిమిదిన్నర తర్వాత నీడన్నది దొరకదు. పడవల దగ్గర మోకులు ఇసుకలో కప్పబడిపోయి ఉంటాయి, మా బావమరిది తట్టుకుని బోర్లా పడ్డాడు. పెద్దాయన్ని మాత్రం నడిపించకండి.

తిథి_చూసే_బాబాయి:
ఉగాది అంటే అమావాస్య మర్నాడే, పోటు ఎక్కువ. మీ ఆదివారం అష్టమికి దగ్గరగా పడితే నయం. పిల్లల్ని అలల్లోకి దింపొద్దమ్మా, అక్కడ లాగేస్తుంది.

రాతిపిచ్చి:
పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్ళండి, అక్కడ పులీ లేదు, లోపలికి దూరే గుహా లేదు! పల్లవులు 8వ శతాబ్దంలో ఒకే బండలో తొలిచిన చిన్న మండపం, దాని చుట్టూ కోరలు తెరిచిన 11 యాళి (సింహంలా ఉండే పురాణ మృగం) తలలు. ఆ తలలు చూసే పులి గుహ అనేశారు. ఎడం పక్కన ఏనుగు తలలు కూడా ఉన్నాయి, చాలామంది చూడకుండానే సెల్ఫీ దిగి వచ్చేస్తారు. ఓపికుంటే దగ్గర్లోని మురుగన్ గుడి శిథిలాలు కూడా చూడండి. 2004 సునామీకి ఒక శాసనం బయటపడితే, దాన్ని పట్టుకుని 2005లో తవ్వారు. రాతి గుడి అడుగున అంతకన్నా పాత ఇటుక గుడి తేలింది. నాకైతే గుహ కంటే అదే నచ్చింది.

వేళచ్చేరి_వదిన:
అందరికీ థాంక్స్. ఇవన్నీ మామగారికి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "గుహ రోడ్డు పక్కనేగా? నేను ఆటోలో ముందెళ్ళి ఆ తలలు 11 ఉన్నాయో లేదో లెక్కపెడుతుంటాను. ఇడ్లీల డబ్బా మాత్రం నా దగ్గరే ఉంచండి" అన్నారు.