గుల్లసున్నం, రాతిసున్నం ఒకటేనా?

ఒక డౌటు అండి. మా నాయనమ్మ ఆకూవక్కలోకి గుల్లసున్నమే కావాలనేది, రాతిసున్నం నోరు పొక్కిస్తుందని ముట్టేది కాదు. ఇక్కడ గుల్ల అంటే నత్తగుల్లా, లేక లోపల బోలుగా ఉంటుందనా? రెండూ సున్నమే కదా, మళ్ళీ ఈ తేడా ఏంటి?

↳ నత్తగుల్లలు, ఆల్చిప్పలేనండి. పులికాట్ వైపు వాటిని తవ్వి తీసి బట్టీల్లో కాల్చి సున్నం చేసేవాళ్ళు. రాతిసున్నం సున్నపురాయిని కాలిస్తే వచ్చేది. గుల్లైనా రాయైనా ఉండేది కాల్షియం కార్బొనేటే, 900 డిగ్రీల వేడికి అందులో కార్బన్ డయాక్సైడ్ పోయి సున్నం మిగులుతుంది, దాని మీద నీళ్ళు పోస్తే బుసబుసా పొంగుతుంది. గోడకి వేశాక గాల్లోంచి ఆ గ్యాస్ మళ్ళీ పీల్చుకుని గట్టిపడుతుంది, అంటే వెల్ల వేసిన గోడ మీద మళ్ళీ సున్నపురాయే తయారవుతుందన్నమాట!

↳ నేను జియాలజీ చదివా, కొంచెం ఎక్కువ వాగుతా ఓపిక పట్టండి. వాన నీళ్ళు గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌తో కాస్త పుల్లబడి రాళ్ళలోని కాల్షియంని కరిగించుకుని సముద్రంలో కలుస్తాయి, అక్కడ దాన్ని నత్తలు ఆల్చిప్పలు లాక్కుని గుల్ల కట్టుకుంటాయి, అవి చచ్చాక ఆ గుల్లలు పేరుకుని గట్టిపడితే అదీ సున్నపురాయే. ఇంకోటి, లోతులేని వెచ్చటి నీళ్ళలోంచి ఆ గ్యాస్ బయటికి పోతే కాల్షియం కార్బొనేట్ దానంతటదే అడుక్కి దిగిపోతుంది, బోరు నీళ్ళు కాచిన గిన్నెకి తెల్లగా గార కడుతుంది చూడండి, అదే పని. పుస్తకాల్లో మొదటిది జీవరసాయన శిల, రెండోది రసాయన శిల అని విడగొడతారు గానీ నిజంగా రాయి చేతిలో పట్టుకుంటే గీత ఎక్కడ గీయాలో చాలాసార్లు తెలీదు.

↳ అయితే అన్నా, బేతంచెర్ల నాపరాయి పగలగొడితే గుల్లలు కనపడాలి కదా?

↳ కనపడవు తమ్ముడూ. ఆ రాయి గుల్ల ఉన్న జంతువులు పుట్టకముందుది. అలాగని జీవం లేదనుకోకు, కడప జిల్లా వేంపల్లె దగ్గర దాదాపు 190 కోట్ల ఏళ్ళ నాటి డోలమైట్‌లో (సున్నపురాయి లాంటిదే, మెగ్నీషియం కూడా కలిసిన రాయి) ఉల్లిపాయ అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా గుండ్రటి గుర్తులుంటాయి, వాటిని స్ట్రోమటోలైట్లంటారు. సూక్ష్మజీవులు ఎండకి నీళ్ళలోని కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటుంటే వాటి జిగట పొర మీద కార్బొనేట్ దిగుతుంది, అవి మళ్ళీ పైకి పాకి ఇంకో పొర. గుల్లా లేదు, ఎముకా లేదు, అయినా అంత రాయి కట్టిపడేశాయి. నన్నడిగితే గుల్లసున్నం కంటే ఇదే పెద్ద విచిత్రం.

↳ మా దిక్కు నాపరాయి అనరు, షాబాద్ బండలంటరు, తాండూరు బండలంటరు. అవి గూడ సున్నపురాయేనా?

↳ అవునండి, అవీ అంతే. అందుకే ఆ బండల మీద నిమ్మరసం పడి తుడవకుండా వదిలేస్తే నునుపు పోయి తెల్లగా మచ్చ పడుతుంది, పులుపు రాయిని తినేస్తుంది. గ్రానైట్‌కి ఆ బాధ లేదు.

↳ మరి ఉప్పు సంగతేంటి సార్, అదీ ఇదే లెక్కేనా?

↳ ఇందాక చెప్పిన రసాయన శిల లెక్కే, జీవి పనేం ఉండదు. సముద్రపు నీళ్ళు ఎండేకొద్దీ ముందు కార్బొనేట్, తర్వాత జిప్సం, బాగా చిక్కబడ్డాకే ఉప్పు. ఉప్పు మడుల్లో నీళ్ళని ఒక మడి నుంచి ఇంకో మడికి మార్చుకుంటూ పోవడంలో ఇదీ ఒక లాభం, జిప్సం ముందు మడుల్లోనే దిగిపోతుంది.